ఆ వాక్యం నాది కాదు

ఈ సంగతి కోపం చల్లారినాక రాద్దామని చానా ఏండ్లు ఆగినాను. చల్లారలేదు. ఇంక చల్లారదని తెలిసిపోయింది కాబట్టి ఇట్లే రాస్తున్నాను.

అప్పుడు నేను కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దుకు ఆనుకున్న పావగడలో ఉండేదాన్ని. పొద్దున బస్సెక్కి వల్లూరు దారిలో ఒక పల్లెలో దిగి, అక్కడి సర్కారు బళ్ళో చిన్న తరగతులకు పాఠాలు చెప్పి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేదాన్ని. బళ్ళో కన్నడ, ఇంట్లో తెలుగు. పుట్టింది ఈ తాలూకాలోనే అయినా చిన్నప్పుడు మా అవ్వ ఊర్లో, ఆంధ్రలోని మడకశిర పక్కన, ఏడో తరగతి దాకా తెలుగు బళ్ళో చదువుకున్నాను. ఆ తర్వాత చదువంతా కన్నడలోనే. అయినా కథ రాద్దామని కూర్చుంటే చేతికి తెలుగే వచ్చేది. రాసినవి ఎవరికీ చూపించకుండా ట్రంకు పెట్టెలో చీరల అడుగున దాచుకునేదాన్ని.

వానలు వరసగా ఎగ్గొట్టిన కాలం అది. శెనక్కాయ విత్తుతారు, మొలుస్తుంది, పూతకొచ్చే వేళకు చినుకు రాదు, చేనంతా మాడిపోతుంది. బస్సు కిటికీలో నుంచి చూస్తే ఏదో ఒక చేన్లో బోరు లారీ నిలబడి తెల్లటి దుమ్ము ఎగజిమ్ముతా ఉండేది. నీళ్ళు పడితే ఆ దుమ్ము బురదయ్యేది. చానాసార్లు దుమ్ము దుమ్ముగానే ఉండిపోయేది.

ఆ రోజుల్లోనే మా ఊళ్ళో కథలు రాసేవాళ్ళ గుంపొకటి తయారైంది. బస్టాండు దగ్గర ఎరువుల అంగడి పైన ఒక గది ఉండేది. ఆదివారం పొద్దున పది పదకొండు మంది అక్కడ చేరేవాళ్ళు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందరికీ పెద్దాయన, ఆంధ్రలో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరై సొంతూరికి వచ్చిన మనిషి. ఆయన్ని అందరం సార్ అనేవాళ్ళం. మెత్తటి గొంతు, ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా. ఎవర్నీ ఒక్క మాట గట్టిగా అనేవాడు కాదు. మొదట్లో ఆయనలో నాకు నచ్చింది అదే. తర్వాత నాకు ఒళ్ళు మండించిందీ అదే.

గుంపులో పద్ధతి ఏందంటే ఒకరు చదవాల, తక్కినోళ్ళు మెచ్చుకోవాల. "అద్భుతం" అనే మాట ఆ గదిలో ఫ్యాను గాలి మాదిరి అందరికీ సమానంగా తగిలేది. ఒకాయనకైతే ఏ కథ విన్నా కళ్ళు చెమర్చేవి. కరువు మీద రాసినా చెమర్చేవి, బస్సు ప్రయాణం మీద తమాషాగా రాసినా చెమర్చేవి. నేనేమీ తక్కువదాన్ని కాదు. సగం కునుకుతో విన్న కథను "చానా బాగుండాది సార్" అని నేనూ మెచ్చుకున్నాను. నా మొదటి కథ చదివిన పొద్దు అందరూ అద్భుతమంటే నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికి పోయి కూర మాడగొట్టినాను.

కొన్ని వారాలు పోయినాక అనుమానం మొదలైంది. నా కథలో ఏమి బాగుండాదో ఒక్కరూ చెప్పలేదే అనిపించింది. ఒక ఆదివారం మెట్లు దిగుతా ఆ కళ్ళు చెమర్చే ఆయన్ని అడిగినాను. "సార్, నా కథలో ముసలామె చివరికి ఏమైతుందో మీకు అర్థమైందా? సరిగ్గా రాసినానో లేదో అని."

ఆయన చెప్పులు తొడుక్కుంటా, "చనిపోతుంది కదమ్మా. ఎంత బాగా రాసినావు!" అన్నాడు.

నా కథలో ముసలామె లేనే లేదు.

అట్లని గుంపు వదిలేయలేదు. తెలుగులో రాసినదాన్ని చదివి వినిపించడానికి ఈ ఊళ్ళో ఇంకో చోటు లేదు. ఇట్లుండగా ఒక ఆదివారం సార్ తన కథ చదివినాడు. చదివే ముందు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పినాడు. "ముక్కుసూటిగా చెప్పండి. మొహమాటం వద్దు. విమర్శ లేకపోతే రచయిత ఎదగడు." ఆ మాట అనడానికి మాత్రమే అనే మాట అని తక్కినవాళ్ళందరికీ తెలుసు. నాకు తెలీదు.

కథలో ఒక రైతు బోరు వేయిస్తాడు. నీళ్ళు పడవు. చదవడం అయిపోయినాక అద్భుతాలన్నీ ఒక చుట్టు తిరిగినాయి. నా వంతు వచ్చింది.

"సార్, ఒక మాట చెప్పొచ్చా?"

"చెప్పమ్మా, దానికే కదా కూర్చున్నాం."

"కథలో ఆ ఇల్లాలు మొదట్నుంచి కడదాకా నోరు తెరవదు సార్. నాలుగు చోట్ల ఏడుస్తుంది, అంతే. మా పక్క బోరు ఫెయిలైతే ఆడోళ్ళు ఏడ్చుకుంటా కూర్చోరు. తిడతారు. మొగుణ్ణి తిడతారు, నీళ్ళు చూసి చెప్పినోణ్ణి తిడతారు. మళ్ళా పొద్దున్నే కూలికి పోతారు. ఈమె యాడ మనిషో నాకు తెలీలేదు సార్."

ఆడికి ఆపి ఉంటే ఎట్లుండేదో. ఆపలేదు. "ఇంగ ఆకాశం మీదే ఒక పేజీ పోయింది. ఆ పేజీ అయ్యేదాకా చేన్లో రైతు ఏమి చేస్తా ఉన్నాడో తెలీదు."

 ఒకాయన దగ్గినాడు. సార్ నవ్వినాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. "మంచిదమ్మా. నీకింకా వయసుంది. బాగా చదవాల. చదివితే పెద్దవాళ్ళు అట్ల ఎందుకు రాస్తారో నీకే తెలుస్తుంది." అందరూ ఆయనతోపాటు నవ్వినారు. కాఫీ వచ్చింది. గ్లాసులు చేతులు మారుకుంటా పోయినాయి. నా దగ్గరికి రాలేదు. నేనే లేచి పోయి తెచ్చుకున్నాను.

కొన్ని నెలలకు గుంపు ఒక పుస్తకం వేయాలనుకునింది. అన్నీ కరువు కథలే. సార్ నన్నూ ఒక కథ ఇమ్మన్నాడు. మనసులో ఏమీ పెట్టుకోలేదే, ఎంత పెద్ద మనసు అని నేను పొంగిపోయినాను. మా చిన్నమ్మ వాళ్ళ చేన్లో కళ్ళారా చూసినదాన్ని కథగా రాసి ఇచ్చినాను. మూడో బోరు కూడా ఎండిపోతుంది. ఇంటామె బోరు లారీ వాళ్ళకు సంగటి వండి, ఊరిబిండి పచ్చడి నూరి కడుపునిండా పెడుతుంది. వాళ్ళు చేతులు కడుక్కున్నాక మొగుడి దగ్గరికి పోయి, "ఇంకొక్క బోరని నోరు తెరిస్తే ఈ గుంతలో నిన్నే పూడుస్తా" అని చెప్పి, కొంగు బిగించి పక్క చేన్లోకి శెనక్కాయ పెరికే కూలికి పోతుంది. కథ అది.

"అక్షర దోషాలుంటే నేను చూసుకుంటాలేమ్మా" అన్నాడు సార్.

పుస్తకం విడుదల ఒక కళ్యాణ మండపంలో జరిగింది. మా ఇంటాయన కూడా వచ్చినాడు. నా రాతలు ఆయన ఎప్పుడూ చదవలేదు గానీ ఆ పొద్దు తలకు నూనె పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. బయటి ఊరి నుంచి వచ్చిన ముఖ్య అతిథి మైకు ముందర పుస్తకం తెరిచి నా పేరు చెప్పినాడు. 

"ఈ కరువు సీమలో ఒక ఉపాధ్యాయురాలు ఎంత గొప్ప వాక్యం రాసిందో వినండి. 'బోరులో పడని నీళ్ళు ఆ తల్లి కళ్ళల్లో పడ్డాయి.'"

చప్పట్లు. మా ఇంటాయనా కొట్టినాడు.

నేను చేతిలోని పుస్తకం తిప్పినాను. తొందరలో పేజీ దొరకలేదు. దొరికినాక చూస్తే నా కథలో ఇల్లాలు మొగుణ్ణి "ఏమండీ" అని పిలుస్తా ఉండాది. మా చిన్నమ్మ జన్మలో మా చిన్నాయన్ని ఏమండీ అనలేదు. సంగటి పెట్టేది లేదు. గుంత మాట లేదు. ఆమె దుమ్ము కుప్ప మీద పడి ఏడుస్తుంది. ఆ కన్నీళ్ళకు నేల తడుస్తుంది. కింద నా పేరు.

లేచి నిలబడినాను. "ఆ వాక్యం నాది కాదు. నేను రాసింది వేరే."

మైకు లేక నా గొంతు ముందు వరసలు దాటలేదు. సార్ మైకు అందుకున్నాడు. "చూసినారా, మా టీచరమ్మకు ఎంత వినయమో! ఇంత మంచి వాక్యం రాసి కూడా నాది కాదంటుంది." మండపమంతా నవ్వి మళ్ళా చప్పట్లు కొట్టింది. ఎవరో వచ్చి నా భుజాల మీద శాలువా కప్పినారు. తీసి అక్కడే పారేయాల్సింది. కప్పుకుని కూర్చున్నాను. అది తలచుకుంటే నా మీద నాకే ఎక్కువ కోపం.

భోజనాల దగ్గర సార్‌ను పట్టుకున్నాను. "నా కథ ఎందుకు మార్చినారు సార్?"

"మార్చలేదమ్మా, మెరుగు పెట్టినాను. విమర్శ కావాలని నువ్వే కదా అనేది? ఇదీ విమర్శే."

"విమర్శంటే నా మొహం మీద చెప్పాల సార్, నేను మీకు చెప్పినట్ల. నాకు తెలీకుండా ఆమె నోరు కుట్టేసి కింద నా పేరు పెట్టేది విమర్శా?"

"మెల్లగా మాట్లాడమ్మా, అందరూ చూస్తా ఉండారు" అన్నాడు ఆయన. విస్తరి ముందు కూర్చుని మజ్జిగ అడిగినాడు.

సోమవారం బడి విడిచినాక తిన్నగా ప్రెస్సుకు పోయినాను. ఆ పుస్తకం అచ్చయింది మా ఊళ్ళోనే, అంగడి వీధి సందులో. ఎక్కువగా కన్నడ పెండ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు అచ్చు వేసే చిన్న ప్రెస్సు అది. తెలుగు అక్షరాలు ఒక్క సెట్టే ఉండేది. సీసం అక్షరాలు ఒక్కొక్కటి ఏరి వరసలు పేర్చే మనిషి ఒకే ఒకడు. యాభై దాటిన వయసు, గోళ్ళల్లో పోని మసి, కళ్ళజోడుకు దారం. నేను అన్నా అనేదాన్ని.

"అన్నా, నా రాతప్రతి ఉండాదా?"

ఏమీ అడగకుండా అర నుంచి తీసి ఇచ్చినాడు. నా నీలి సిరా మీద ఎర్ర సిరా. గుంత మాట చుట్టూ గీసి, పైన చిన్నగా 'అసభ్యం' అని రాసి ఉంది.  ఆ పేజీ ఆయన ముందర పెట్టి అరిచినాను. "చూడన్నా, చూడు! ఎట్ల పాడు చేసినాడో చూడు!"

"చూసినా టీచరమ్మా. ఆ అక్షరాలు పేర్చింది నేనే కదా. ఆయప్ప చేసింది తప్పే." చేతిలోని అక్షరాన్ని వెలుతురుకు పెట్టి చూసుకుని, దాని గడిలో వేసి అన్నాడు. "కానీ నువ్వు రాసిందీ బాగలేదమ్మా."

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను.

"గుంత మాట చెప్పి ఆమె కూలికి పోతుంది. కథ ఆడ అయిపోయింది. దాని తర్వాత నువ్వు పేజీన్నర రాసినావు. ఓ మేఘమా అని, ఓ స్త్రీ జాతి అని. ఎందుకమ్మా? ఆమె చెప్పేసినాక మళ్ళా నువ్వెందుకు చెప్తావు? ఆ మనిషి మీద ఆయప్పకూ నమ్మకం లేదు, నీకూ లేదు. ఆయప్ప ఏడిపిచ్చినాడు, నువ్వు ఉపన్యాసం చెప్పినావు."

సార్ మీద వచ్చిన కోపం ఈ కోపం ముందు ఏపాటిది. ఆ పేజీన్నర నేను కడుపులో నుంచి తీసి రాసినాననుకున్న పేజీన్నర. రాసిన పొద్దు నాకు నేనే ఏడ్చినాను దానికి. నా నోట్లో నుంచి వచ్చిన మాట ఇది: "పేర్చేది నీ పని. చెప్పేది నీ పని కాదు."

ఆయన పెండ్లి పత్రిక పని మీదికి తిరిగిపోయినాడు. నేను కాగితాలు సంచిలో కుక్కుకుని వచ్చేసినాను.

మూడు వారాలు ఆ సందులోకి పోలేదు. బస్సులో కూర్చుంటే ఆయన మీద కోపం. సంగటి కెలుకుతా ఉంటే కోపం. నల్లబోర్డు మీద అక్షరం తప్పుగా రాసిన పిల్లోణ్ణి ఊరికే కసురుకున్నాను. ఆయనతో మనసులోనే వాదం పెట్టుకునేదాన్ని. ఆ పేజీన్నర ఎందుకు కావాల్నో కారణాలు చెప్పేదాన్ని. ఒక్కో కారణం చెప్పే కొద్దీ అది లోపల పిసరంత లొట్టగా మోగేది. చివరికి ఒక సెలవు పొద్దు కాగితాలు తీసి, గుంత మాట దగ్గర వేలు పెట్టి, ఆమె కూలికి పోయేదాకా చదివి ఆపినాను. ఆడ నిజంగానే అయిపోయింది. మిగిలినదంతా నేను బాగా రాస్తానని నలుగురికీ తెలియడానికి రాసుకున్నదే. సార్ ఆకాశం మీద ఒక పేజీ ఖర్చు పెడితే నేను మేఘం మీద పేజీన్నర పెట్టినాను. తప్పు కనిపెట్టినంత తొందరగా పెన్ను కదల్లేదు. ఒక్కో వాక్యం పళ్ళు కొరుక్కుంటా కొట్టేసినాను.

మళ్ళా ప్రెస్సుకు పోయినాను. "అన్నా, ఆ పొద్దు నేనన్న మాట తప్పు."

"పోనీలే టీచరమ్మా."

"పోనీలే కాదన్నా. నేను ఆ మాట అని ఉండకూడదు."

అప్పుడు చెప్పినాడాయన, తల ఎత్తకుండా. "ఆ మాట నాకు కొత్త కాదమ్మా. నీ కథ మీద ఎర్ర గీతలు చూసి, టీచరమ్మకు చెప్పినారా సార్ అని అడిగినా. పేర్చేది నీ పని, అడిగేది కాదు అన్నాడు. అదే మాట నువ్వూ అంటివి. ఇద్దరూ ఒకే బళ్ళో చదివినారేమో అనుకున్నా."

ఆయన నవ్వుతా అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఎవరైనా నన్ను కొట్టి చెప్పి ఉంటే తట్టుకునేదాన్ని.

కథను ఆయనే మళ్ళా అక్షరాలు పేర్చి, పెండ్లి పత్రికల్లో మిగిలిన కాగితం మీద చిన్న పుస్తకంగా అచ్చు వేసినాడు. అట్ట కూడా లేదు. మధ్యలో రెండు చోట్ల ఇంకా ఆగి, "ఈ మాట కావాల్నా?" అని అడిగినాడు. ఒక చోట నేను ఒప్పుకున్నాను. ఇంకో చోట ఒప్పుకోలేదు, గట్టిగా వాదించినాను. "సరే, నీ ఇష్టం, కానీ నాకు నచ్చలేదు" అంటానే ఆ మాట పేర్చినాడు. తనకు నచ్చని మాటను చెయ్యి పెట్టకుండా అచ్చు వేసిన మనిషి నాకు తెలిసి ఆయనొక్కడే. ఆ పుస్తకాలు తెలిసినవాళ్ళకు పంచినాను. మా చిన్నమ్మకు చదివి వినిపిస్తే, "ఊరిబిండి కాదే, ఆ పొద్దు చేసింది పప్పు" అనింది. 

కొన్నాళ్ళకు బస్టాండులో సార్ ఎదురుపడినాడు. నేను గుంపుకు పోవడం మానేసి అప్పటికి చానా దినాలైంది. చిన్న పుస్తకం ఆయన చేతికి ఎట్లనో చేరింది. "చదివినానమ్మా. అద్భుతంగా ఉంది" అన్నాడు, అదే మెత్తటి గొంతుతో.

ఒక్క క్షణం లోపల ఏదో మెత్తబడింది. ఆ వెంటనే మండింది. అందరికీ ఇచ్చే మాటే నాకూ ఇచ్చినాడు. ఇది నిజమో అబద్ధమో ఆయన నోట్లో నుంచి వస్తే తెలుసుకునే దారి లేదు. బాగలేదు అని ఒక్కసారైనా చెప్పి ఉంటే ఈ మాట నేను ఇంటికి తీసుకుపోయి దాచుకునేదాన్ని. "ఏమి బాగుండాది సార్?" అని అడిగినాను. ఆయన గడియారం చూసుకున్నాడు. బస్సు వచ్చింది, ఎక్కినాడు.

నేనూ ఏమంత మంచిదాన్ని కాలేదు ఆ తర్వాత. తొంభైల్లో మా బడికి ఒక చిన్నవయసు టీచర్ వచ్చింది. కన్నడలో కవితలు రాసేది. చూడండక్కా అని నోటుబుక్కు ఇచ్చింది. నేను చూసినాను. చూసింది చూసినట్లు చెప్పినాను. మూడు కవితల్లో ఒకే చందమామ ఉన్నాడనీ, ఆ అమ్మాయి ఇంట్లో ఉన్న కొట్టం, మేకలు ఒక్క కవితలోనూ లేవనీ చెప్పినాను. చెప్పేటప్పుడు నా గొంతులో ఒక కసి ఉంది. అది ఆ పిల్ల మీది కసి కాదు. పాతది. కానీ తగిలింది ఆ పిల్లకే. కండ్లు తుడుచుకుని నోటుబుక్కు తీసుకుని పోయింది. నెల దాకా ఒకే బస్సులో పక్క సీట్లో కూర్చుని కూడా నాతో మాట్లాడలేదు. నిజం చెప్పినాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సర్దుబాటు కాలేదు. నిజాన్ని విసిరికొట్టినట్లు చెప్పే హక్కు నాకు ఎవరిచ్చినారు?

ఒక శనివారం మధ్యాహ్నం పిల్లోళ్ళు పోయినాక ఆ అమ్మాయి నా బల్ల ముందరికొచ్చి నోటుబుక్కు దభీమని పెట్టింది. మొహం ఎర్రగా ఉంది.

"మీరు చెప్పినది మేకల గురించి సరేనక్కా. ఒప్పుకుంటా. చందమామ గురించి మీరు చెప్పింది తప్పు. మూడు కవితల్లోనూ ఒకే చందమామ కాదు. మీరు సరిగ్గా చదవలేదు."

"చదివినాను."

"చదవలేదు. రెండో దాంట్లో చందమామ లేనే లేడు. లేడు అనే దాని మీదే కవిత. మళ్ళా చదవండి, నా ముందరే చదవండి."

చదివినాను. ఆ పిల్ల చెప్పింది నిజం. కానీ నాలుగో పాదం ఇంకా నచ్చలేదు, ఆ మాటే చెప్పినాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. నేను కన్నడలో, తను తెలుగులో, మళ్ళా తను కన్నడలో, నేను తెలుగులో అరుచుకున్నాము. హెడ్ మేస్ట్రు తలుపు దగ్గరికొచ్చి చూసి, ఆస్తి తగాదా ఏమో అనుకున్నట్లు వెనక్కి పోయినాడు. బస్సు పోయింది. ఇద్దరం రోడ్డు మీద వల్లూరు పక్క నుంచి వచ్చే టెంపో కోసం నిలబడి, ఎండలో, ఆ నాలుగో పాదం మీద ఇంకా పోట్లాడుతానే ఉన్నాము.